హరాల్డ్ స్వెర్‌డ్రప్

హరాల్డ్ ఉల్రిక్ స్వెర్‌డ్రప్ (నవంబరు 15, 1888 - ఆగష్టు 21, 1957) నార్వే దేశానికి చెందిన సుప్రసిద్ధ సముద్ర శాస్త్రవేత్త, వాతావరణ శాస్త్రవేత్త, ధ్రువప్రాంత అన్వేషకుడు. చలి సముద్రాలలో శీతాకాలమంతా అణగి ఉండే సూక్ష్మ వృక్షజాలం వసంతంలో ఒక్కసారిగా ఎందుకు విజృంభిస్తుందో గణిత రూపంలో వివరించిన శాస్త్రజ్ఞుడిగా ఈయన పేరు పొందాడు. వెలుతురు, పోషకాలు అనే రెండు అవసరాలు సముద్రంలో ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయనీ, వాటి మధ్య తీర్పు చెప్పేది నీటి కలయిక అనీ ఈయన కృషి వలన స్పష్టమయింది. సముద్ర ప్రవాహాల పరిమాణాన్ని కొలిచే "స్వెర్‌డ్రప్" అనే ప్రమాణం ఈయన పేరు మీదనే ఏర్పడింది. ఒక స్వెర్‌డ్రప్ అనగా సెకనుకు పది లక్షల ఘనపు మీటర్ల నీరు. ప్రపంచంలోని నదులన్నీ కలిసి సముద్రంలోకి చేర్చే నీరు సుమారు ఒక స్వెర్‌డ్రప్ ఉంటుంది.

బాల్యము, విద్యాభ్యాసము

స్వెర్‌డ్రప్ 1888లో పశ్చిమ నార్వేలోని సోగ్న్‌డాల్ గ్రామంలో జన్మించాడు. తండ్రి జోహాన్ ఎడ్వర్డ్ స్వెర్‌డ్రప్ ఉపాధ్యాయుడు, మత శాస్త్ర పండితుడు. తమ్ముడు లీఫ్ స్వెర్‌డ్రప్ తరువాతి కాలంలో అమెరికాలో పేరుపొందిన సివిల్ ఇంజనీరు అయ్యాడు. హరాల్డ్ అప్పట్లో క్రిస్టియానియా అని పిలువబడిన ఓస్లో నగరపు విశ్వవిద్యాలయంలో చేరి మొదట ఖగోళ శాస్త్రం వైపు మొగ్గు చూపాడు. అయితే 1911లో ఆధునిక వాతావరణ శాస్త్ర వైతాళికుడైన విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ వద్ద సహాయకుడిగా చేరడంతో ఆయన మార్గం మారిపోయింది. గాలి, నీరు రెండూ ఒకే భౌతిక సూత్రాలకు లోబడి కదులుతాయని, వాటి కదలికను లెక్కగట్టవచ్చని బ్యెర్క్‌నెస్ బోధించేవాడు. గురువుతో పాటు 1913లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరానికి వెళ్ళిన స్వెర్‌డ్రప్, ఉత్తర అట్లాంటిక్ వ్యాపార పవనాలపై పరిశోధన చేసి 1917లో డాక్టరేటు పట్టా పొందాడు.

మాడ్ నౌకాయాత్ర

1918లో ప్రఖ్యాత అన్వేషకుడు రోల్డ్ అముండ్‌సెన్ "మాడ్" అనే నౌకలో ఆర్కిటిక్ యాత్రకు బయలుదేరినపుడు స్వెర్‌డ్రప్ శాస్త్రీయ పరిశోధనల అధిపతిగా వెంట వెళ్ళాడు. నౌకను మంచులో చిక్కుకోనిచ్చి, ఆ మంచుతో పాటు ఉత్తర ధ్రువం మీదుగా కొట్టుకొనిపోవాలన్నది వారి సంకల్పం. ఆ సంకల్పం నెరవేరలేదు. యాత్ర 1925 వరకు సాగింది. 1919లో ఉత్తరాలు, శాస్త్రీయ పత్రాలు తీసుకొని కాలినడకన బయలుదేరిన పీటర్ టెస్సెమ్, పాల్ క్నుట్‌సెన్ అనే ఇద్దరు సభ్యులు గమ్యం చేరకుండానే మరణించారు. అముండ్‌సెన్ కూడా మధ్యలో నౌకను వదిలి విమానయాత్రల వైపు మళ్ళాడు. స్వెర్‌డ్రప్ మాత్రం చివరి వరకు కొలతలు కొనసాగించాడు.

1919-20 శీతాకాలంలో ఈయన సైబీరియాలోని చుక్చీ జాతి సంచార రెయిన్‌డీరు కాపరులతో కలిసి కొన్ని నెలలు జీవించాడు. వారి భాష నేర్చుకొని, వారి జీవన విధానంపై తరువాత ఒక గ్రంథం వ్రాశాడు. సైబీరియాకు ఉత్తరాన ఉన్న విశాలమైన లోతు తక్కువ సముద్రంలో ఆటుపోట్లు ఎలా కదులుతాయో, భూభ్రమణం వాటిని ఎలా మళ్ళిస్తుందో ఈయన వివరించాడు. శీతాకాలపు సుదీర్ఘ చీకటి, వేసవిలో ఎడతెగని వెలుతురు, మంచు కప్పిన నీరు - ఇవన్నీ ఈయనకు పుస్తకంలోని విషయాలు కావు, ఏళ్ళ తరబడి చూసిన వాస్తవాలు.

బెర్గెన్ నగరంలో

1926లో స్వెర్‌డ్రప్ బెర్గెన్ లోని భూభౌతిక సంస్థలో బ్యెర్క్‌నెస్ స్థానంలో వాతావరణ శాస్త్ర ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. 1928లో గుడ్రున్‌ను వివాహం చేసుకొని, ఆమె కుమార్తెను దత్తత తీసుకున్నాడు. 1931లో హ్యూబర్ట్ విల్కిన్స్ "నాటిలస్" అనే పాత జలాంతర్గామిలో ఆర్కిటిక్ మంచు క్రిందుగా ప్రయాణించాలని తలపెట్టినపుడు, అందులోనూ శాస్త్రీయ బృందానికి ఈయనే నాయకుడు. నీటిలో మునగడానికి తోడ్పడే చుక్కాని పలకలు పోవడంతో ఆ యాత్ర కూడా అనుకున్నట్లు జరగలేదు. అయినా ఆ పరిస్థితిలోనే సముద్రజలాల ఉష్ణోగ్రత, లవణీయత కొలతలు సేకరించారు. 1934లో స్వీడన్ శాస్త్రవేత్త హన్స్ ఆల్మన్‌తో కలిసి స్వాల్‌బార్డ్ దీవులలోని హిమానీనదాలు ఏ రీతిగా కరుగుతాయో పరిశీలించాడు.

స్క్రిప్స్ సంస్థ అధిపతిగా

1936లో స్వెర్‌డ్రప్ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, లా హోయా పట్టణంలో ఉన్న స్క్రిప్స్ సముద్ర శాస్త్ర సంస్థకు సంచాలకుడిగా వెళ్ళాడు. మూడేళ్ళు ఉందామని వెళ్ళినవాడు 1948 వరకు ఉండిపోయాడు. అప్పటికి ఆ సంస్థ పరిశోధనలు అధికంగా తీరానికే పరిమితమై ఉండేవి. ఈయన నౌకను సమకూర్చి, పరిశోధకులను లోతు సముద్రానికి పంపించాడు.

కాలిఫోర్నియా తీరం వెంబడి వీచే గాలి, భూభ్రమణం కలిసి పైపొర నీటిని ఒడ్డు నుండి దూరంగా నెడతాయి. ఆ ఖాళీని పూరించడానికి లోతులలోని చల్లని నీరు పైకి ఉబుకుతుంది. ఈ ప్రక్రియను అప్‌వెల్లింగ్ అంటారు. దీనిపై స్వెర్‌డ్రప్ 1938లో ఒక ముఖ్యమైన వ్యాసం ప్రచురించాడు. ఆ చల్లని నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, సిలికేట్లు సమృద్ధిగా ఉంటాయి. చనిపోయిన జీవుల అవశేషాలు లోతులకు దిగి కుళ్ళినపుడు విడుదలయ్యే పోషకాలివి. అవి పైకి వచ్చిన చోట వృక్ష ప్లవకాలు పెరుగుతాయి. వాటిని జంతు ప్లవకాలు, వాటిని చేపలు తింటాయి. కాలిఫోర్నియా సార్డీన్ చేపల పరిశ్రమ అంతా ఈ గొలుసుపైనే ఆధారపడి ఉండేది. 1940వ దశకంలో ఆ చేపలు హఠాత్తుగా తగ్గిపోయినపుడు, చేపలను మాత్రమే కాక సముద్రాన్నంతటినీ క్రమం తప్పక కొలవాలన్న పరిశోధన ప్రణాళికకు రూపమిచ్చిన వారిలో స్వెర్‌డ్రప్ ఒకడు.

మార్టిన్ జాన్సన్, రిచర్డ్ ఫ్లెమింగ్‌లతో కలిసి ఈయన వ్రాసిన "ది ఓషన్స్" అనే వెయ్యి పుటలకు పైబడిన గ్రంథం 1942లో వెలువడింది. సముద్రపు భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలను ఒకే చోట కూర్చిన ఈ పుస్తకం దశాబ్దాల పాటు విద్యార్థులకు ప్రామాణిక గ్రంథంగా నిలిచింది.

యుద్ధకాలము

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో స్వెర్‌డ్రప్, ఆయన శిష్యుడు వాల్టర్ మంక్ కలిసి సముద్రపు అలల ఎత్తును ముందుగా అంచనా వేసే పద్ధతిని రూపొందించారు. సైన్యం తీరానికి దిగే రోజును నిర్ణయించడానికి ఈ పద్ధతి ఉపయోగపడింది. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో జరిగిన దాడికి కూడా దీనిని వాడారు. అయితే అదే సమయంలో ఈయనపై నిరాధారమైన అనుమానాలు వ్యాపించాయి. జర్మనీ ఆక్రమణలో ఉన్న నార్వేలో బంధువులు ఉన్నారన్న విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకొని, రహస్య నౌకాదళ పరిశోధనలలో పాల్గొనేందుకు అనుమతి నిరాకరించారు. ఒకవైపు ఈయన పద్ధతి సైనికుల ప్రాణాలను కాపాడుతుండగా, మరొకవైపు తన సంస్థ పరిసరాలలోనే జరిగే పనికి ఈయన దూరంగా ఉండవలసి వచ్చింది.

1947లో గాలి తాకిడికీ, విశాల సముద్ర ప్రవాహాలకూ మధ్య ఉన్న సంబంధాన్ని సూచించే సూత్రాన్ని స్వెర్‌డ్రప్ ప్రచురించాడు. సముద్ర శాస్త్రంలో దీనిని "స్వెర్‌డ్రప్ సమతుల్యత" అని వ్యవహరిస్తారు.

నార్వేకు పునరాగమనము

1948లో ఈయన స్వదేశానికి తిరిగివచ్చి ఓస్లోలోని నార్వే ధ్రువ పరిశోధన సంస్థకు సంచాలకుడయ్యాడు. 1949 నుండి ఓస్లో విశ్వవిద్యాలయంలో భూభౌతిక శాస్త్ర ఆచార్యుడిగా కూడా పనిచేశాడు. 1949-52 మధ్య జరిగిన నార్వే-బ్రిటన్-స్వీడన్ సంయుక్త అంటార్కిటికా యాత్ర నిర్వహణలో ప్రధాన పాత్ర వహించాడు.

భారతదేశంతో ఈయనకు ప్రత్యక్ష సంబంధం ఏర్పడింది కూడా ఈ కాలంలోనే. 1952లో నార్వే, భారతదేశం, ఐక్యరాజ్యసమితి మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం, నేటి కేరళలోని కొల్లం సమీపాన నీండకర ప్రాంతంలో మత్స్యకారుల అభివృద్ధి పథకం మొదలయింది. నార్వే తరఫున ఈ సహాయ కార్యక్రమాన్ని నడిపించిన సంస్థకు స్వెర్‌డ్రప్ అధ్యక్షత వహించాడు. భారత తీరంలో మరపడవల వాడకం విస్తరించడానికి ఈ పథకం తోడ్పడింది.

సందిగ్ధ లోతు సిద్ధాంతము

స్వెర్‌డ్రప్ పేరును జీవ శాస్త్రవేత్తలకు కూడా చిరపరిచితం చేసినది 1953లో ప్రచురించిన ఒక చిన్న వ్యాసం. వసంత కాలంలో వృక్ష ప్లవకాల విజృంభణకు కావలసిన పరిస్థితులు ఏమిటన్నది అందులోని విషయం.

భూమిపై చెట్టు నిలిచిన చోటనే ఉంటుంది. సముద్రంలోని వృక్ష ప్లవకానికి ఆ వెసులుబాటు లేదు. నీరు ఎటు కలియదిరిగితే అది అటు పోతుంది. పైకి వచ్చినపుడు ఎండను గ్రహించి కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆహారం తయారు చేసుకుంటుంది. క్రిందికి పోయినపుడు చీకటిలో శ్వాసక్రియ ద్వారా దానిని ఖర్చు చేస్తుంది. ఇంక్లైను గనిలోకి దిగేవారికి కొద్ది దూరంలోనే పగటి వెలుతురు అంతరించినట్లు, సముద్రంలో కూడా లోతు పెరిగే కొద్దీ వెలుతురు వేగంగా క్షీణిస్తుంది. ఒక లోతులో జమ, ఖర్చు సరిసమానమవుతాయి. దానిని సమతుల్య లోతు అంటారు.

కానీ ప్లవకం సమతుల్య లోతు దాటినంత మాత్రాన నష్టపోదు. పైన సంపాదించినది ఎక్కువగా ఉంటే, కొంతకాలం చీకటిలో గడిపినా మిగులు ఉంటుంది. కనుక మొత్తం పొరలోని జమను, మొత్తం ఖర్చును పోల్చాలి. ఈ రెండూ సమానమయ్యే లోతు సందిగ్ధ లోతు. నీరు కలియదిరిగే పైపొర, అనగా మిశ్రమ పొర, సందిగ్ధ లోతు కంటే మందంగా ఉంటే ప్లవకాలు వృద్ధి చెందలేవు. పలుచగా ఉంటే వృద్ధి చెందుతాయి. నార్వే శాస్త్రవేత్తలైన గ్రాన్, బ్రారూడ్ 1935లోనే ఈ ఆలోచనను సూచించగా, స్వెర్‌డ్రప్ దానికి గణిత రూపం ఇచ్చాడు.

ఒక ఉదాహరణతో దీనిని గ్రహించవచ్చు. ప్రతి 7 మీటర్లకు వెలుతురు సగానికి తగ్గే నీటిని ఊహించుకుందాం. ఉపరితలపు సగటు వెలుతురు, జమ ఖర్చులను సమానం చేసే వెలుతురుకు 20 రెట్లు ఉంటే, సమతుల్య లోతు సుమారు 30 మీటర్లు, సందిగ్ధ లోతు సుమారు 200 మీటర్లు అవుతుంది. శీతాకాలంలో ఆ వెలుతురు 4 రెట్లు మాత్రమే ఉంటే, సమతుల్య లోతు 14 మీటర్లకు, సందిగ్ధ లోతు దాదాపు 40 మీటర్లకు తగ్గుతుంది. ఆ కాలంలో తుఫానులు, చలి కలిసి నీటిని వందల మీటర్ల లోతు వరకు కలియబెడతాయి కనుక ప్లవకాలకు నష్టమే మిగులుతుంది.

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి స్వెర్‌డ్రప్ నార్వే సముద్రంలో 66 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద నిలిచి ఉండే "ఎం" అనే వాతావరణ నౌక 1949 వసంతంలో సేకరించిన వివరాలను వాడుకున్నాడు. పగటి కాలం పెరిగి సందిగ్ధ లోతు క్రిందికి జరగడం, పైపొర వేడెక్కి మిశ్రమ పొర పలుచబడడం, ప్లవకాలు పెరగడం - ఈ మూడూ ఇంచుమించు ఒకే సమయంలో కనిపించాయి. అయితే ఒక్క నౌక, ఒక్క వసంతం ఆధారంగా సిద్ధాంతం రుజువైనట్లు భావించరాదని ఈయనే హెచ్చరించాడు.

పోషకాలు, వెలుతురుల మధ్య వైరుధ్యము

చలి సముద్రాల ఉత్పాదకతకు మూలమైన వైరుధ్యం ఈ సిద్ధాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. శీతాకాలపు కలయిక లోతులలోని పోషకాలను పైకి తెస్తుంది, కానీ అదే కలయిక ప్లవకాలను చీకటిలోకి లాగుతుంది. వసంతంలో పైపొర స్థిరపడినపుడు వెలుతురు దక్కుతుంది, కానీ క్రింది నుండి పోషకాలు రావడం ఆగిపోతుంది. శీతాకాలంలో నిలువ అయిన పోషకాలు కొద్ది వారాలలో ఖర్చయిపోగానే విజృంభణ ముగుస్తుంది. కాడ్, హెర్రింగ్ వంటి చేపల పిల్లలు ఆ కొద్ది వారాల పంటపైనే బ్రతకాలి. చేపపిల్లలు పుట్టే సమయానికి ఆహారం అందకపోతే కొన్నేళ్ళ తరువాత జాలరుల వలలలో ఆ లోటు కనిపిస్తుంది.

స్వెర్‌డ్రప్ తన లెక్కలో పోషకాలకు కొరత లేదని అనుకున్నాడు. వసంతారంభపు నార్వే సముద్రానికి ఇది తగిన ఊహ. అన్ని చలి సముద్రాలకూ ఇది వర్తించదు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పుష్కలంగా ఉన్నా ప్లవకాలు తక్కువ. అక్కడ ఇనుము కొరతే అడ్డంకి అని అమెరికా శాస్త్రవేత్త జాన్ మార్టిన్ 1990 ప్రాంతంలో ప్రతిపాదించాడు. 2009లో భారత, జర్మన్ శాస్త్రవేత్తలు "లోహాఫెక్స్" అనే ప్రయోగంలో దక్షిణ అట్లాంటిక్‌లో సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుమును చల్లి పరీక్షించారు. ప్లవకాలు కొంత పెరిగాయి. కానీ ఆ నీటిలో సిలికేట్లు తక్కువ కావడం వలన డయాటములు విస్తరించలేదు, పెరిగిన ఇతర ప్లవకాలను జంతు ప్లవకాలు తినివేశాయి. ఒక కొరత తీరితే మరొక కొరత ముందుకు వస్తుందని దీనివలన తెలిసింది.

విమర్శలు

స్వెర్‌డ్రప్ సిద్ధాంతం దాదాపు అర్ధ శతాబ్దం పాటు ప్రధాన వివరణగా నిలిచింది. తరువాత దానిపై గట్టి విమర్శలు వచ్చాయి. పొర మందం కంటే కలయిక వేగం ముఖ్యమని, కలయిక నెమ్మదిస్తే లోతైన పొరలో కూడా ప్లవకాలు పైభాగాన నిలిచి పెరగగలవని 1999లో హాయిస్‌మన్, ఆయన సహచరులు చూపించారు. 2010లో మైకేల్ బెహ్రెన్‌ఫెల్డ్ ఉత్తర అట్లాంటిక్ ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి, ప్లవకాల పెరుగుదల వసంతంలో కాక నడి శీతాకాలంలోనే మొదలవుతుందని వాదించాడు. పొర లోతుగా విస్తరించినపుడు ప్లవకాలు, వాటిని తినే జీవులు రెండూ పలుచబడి, తినబడే అవకాశం తగ్గడమే దీనికి కారణమని ఆయన వివరణ. 2011లో టేలర్, ఫెరారి శీతలీకరణ ఆగిన క్షణమే విజృంభణకు నాంది అని ప్రతిపాదించారు. ఈ చర్చ ఇంకా ముగియలేదు. అయితే కొత్త సిద్ధాంతాలన్నీ 1953 నాటి వ్యాసాన్నే గీటురాయిగా పెట్టుకొని మాట్లాడుతున్నాయి.

తెలుగు తీరము, బంగాళాఖాతము

స్వెర్‌డ్రప్ కాలంలో స్క్రిప్స్ సంస్థలో పనిచేసిన యూజీన్ లాఫాండ్ 1952లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడ సముద్ర శాస్త్ర అధ్యయనానికి పునాది వేసిన వారిలో ఒకడయ్యాడు. వేసవి ఆరంభంలో విశాఖ తీరం వద్ద లోతు నీరు పైకి ఉబకడాన్ని, శరత్కాలంలో పైనీరు క్రిందికి దిగడాన్ని ఆయన, విశ్వవిద్యాలయ పరిశోధకులు నమోదు చేశారు. కాలిఫోర్నియా తీరంలో స్వెర్‌డ్రప్ అధ్యయనం చేసిన అప్‌వెల్లింగ్ ఈ విధంగా తెలుగు తీరంలోనూ పరిశోధనాంశమయింది.

బంగాళాఖాతం చలి సముద్రానికి తిరగవేసిన చిత్రం వంటిది. నార్వే సముద్రంలో శీతాకాలాన పోషకాలుండి వెలుతురు ఉండదు. బంగాళాఖాతంలో ఏడాదిలో అధిక భాగం వెలుతురుండి పోషకాలు అందవు. రామగుండం, గోదావరిఖని బొగ్గుగనుల ప్రక్కగా పారే గోదావరితో పాటు కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్రలు తెచ్చే మంచినీరు తేలికైనది కనుక ఉప్పునీటిపై మూతవలె పరచుకొంటుంది. ఆ మూతను గాలి సులభంగా చీల్చలేదు. అందువలన లోతులలోని నైట్రేట్లు పైకి రాలేవు. వర్షాకాలంలో మబ్బులు, నదుల ఒండ్రు కలిసి వెలుతురును కూడా కొంత తగ్గిస్తాయి. అరేబియా సముద్రం కంటే బంగాళాఖాతం ఉత్పాదకత తక్కువ కావడానికి ఇదొక ప్రధాన కారణం.

స్వాల్‌బార్డ్, హిమాద్రి

స్వెర్‌డ్రప్ హిమానీనదాలను కొలిచిన స్వాల్‌బార్డ్ దీవులలో నీ-ఓలెసున్ అనే చిన్న ఊరు ఉంది. ఇది ఒకప్పుడు బొగ్గుగని పట్టణం. 1916లో ఏర్పడిన కింగ్స్ బే బొగ్గు కంపెనీ తరువాత నార్వే ప్రభుత్వపరమయింది. 1962 నవంబరులో జరిగిన గని ప్రమాదంలో 21 మంది కార్మికులు మరణించారు. ఆ దుర్ఘటన నార్వే ప్రభుత్వమే పడిపోవడానికి దారితీసింది. 1963లో గనిని మూసివేశారు. ఆ తరువాత ఆ ఊరు అంతర్జాతీయ పరిశోధన కేంద్రంగా మారింది.

భారతదేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం "హిమాద్రి" 2008 జూలై 1న ఇక్కడే ప్రారంభమయింది. 2014లో సమీపంలోని కాంగ్స్ ఫ్యోర్డ్ నీటిలో "ఇండార్క్" అనే పరికరాల వరుసను దింపారు. ఇక్కడ అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు. హిమానీనదాలు కరిగి తెచ్చే ఒండ్రు నీటిని మసకబార్చి వెలుతురును అడ్డుకుంటుంది. అదే సమయంలో హిమానీనదం అడుగు నుండి వెలువడే తేలికైన నీరు పైకి ఎగసేటపుడు లోతులలోని పోషకాలను తోడి తెస్తుంది. భూమి వేడెక్కుతున్న కొద్దీ ఈ రెండింటిలో ఏది పైచేయి అవుతుందన్నది శాస్త్రవేత్తల ముందున్న ప్రశ్న. స్వెర్‌డ్రప్ వేసిన జమ ఖర్చుల లెక్క ఇక్కడ నేటికీ అవసరమవుతున్నది.

మరణము, గౌరవాలు

స్వెర్‌డ్రప్ 1957 ఆగష్టు 21న ఓస్లోలో ఆకస్మికంగా గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 68 సంవత్సరాలు. ఈయనకు 1938లో అలెగ్జాండర్ అగాసీ పతకం, 1951లో విలియం బౌయీ పతకం లభించాయి. 1945లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి సభ్యుడిగా ఎన్నికయ్యాడు. సముద్రం, వాతావరణాల పరస్పర సంబంధంపై విశేష కృషి చేసిన వారికి అమెరికా వాతావరణ శాస్త్ర సంఘం ఈయన పేరిట స్వర్ణ పతకాన్ని ప్రదానం చేస్తున్నది. ఈయన పేరు పెట్టుకొన్న నార్వే పరిశోధన నౌక ఒకటి ఉత్తర సముద్రాలలో పరిశోధనలకు ఉపయోగపడింది.